పాదానికి దారి, నడుముకి ఉత్తరం

ఫోన్‌ సైలెంట్‌లో ఉన్నప్పుడు జేబులో వణికే మోటారును ఎప్పుడైనా విప్పి చూశారా? బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో గుప్పెడు కొనుక్కోవచ్చు. చొక్కా గుండీ అంత బిళ్ళ. లోపల తిరిగే బరువు ఒక పక్కకే ఒరిగి ఉంటుంది. అది తిరుగుతూ బిళ్ళ మొత్తాన్ని తనతోపాటు లాగుతుంది, అదే వణుకు. వోల్టేజీ పెంచితే వేగం, బలం రెండూ పెరుగుతాయి. ఒకటి పెరిగి రెండోది ఆగాలంటే కుదరదు. మహా మొండి మోటారు.

2011 ప్రాంతంలో, బెంగళూరు హెచ్‌పీ ల్యాబ్స్‌లో పనిచేస్తూ అనిరుధ్ శర్మ ఈ వణుకుతో చూపులేనివాళ్ళకు దారి చెప్పే బూటు పనిలో పడ్డారు. పేరు లేచల్. ఫోన్‌లోని మ్యాప్ బ్లూటూత్ మీద కబురు పంపుతుంది. చివరికి జనం ముందుకొచ్చిన జతలో ఎడమకు తిరగాలంటే ఎడమ బూటు, కుడికైతే కుడి బూటు వణుకుతుంది. చెవిలో చెబితే పోయేది కదా అంటారా? చూపులేని మనిషి ఆటో ఎటునుంచి వస్తోందో చెవితోనే కనిపెట్టాలి. ఇక దాన్ని ఇంకో పనికి వాడుకోవడమెలా?

నాకు ముచ్చటేసేది మాత్రం ఎడమ, కుడి అన్న పంపకం. చర్మం లోతున పాసీనియన్ కణికలని ఉంటాయి. సెకనుకు 250 సార్ల దగ్గర్లో వచ్చే వణుకును అవి బాగా పసిగడతాయి. బిళ్ళ మోటారు నిమిషానికి పదివేలకు పైగా తిరిగి ఆ దరిదాపులకు వస్తుంది. కానీ వణుకు చర్మం వెంట పాకిపోతుంది కాబట్టి, అది వచ్చిందని కణికలకు తెలుస్తుందే తప్ప సరిగ్గా ఎక్కడినుంచో తెలియదు. ఒకే అరికాలి కింద నాలుగు మోటార్లు పెట్టి చూడండి, ఏది వణికిందో చెప్పలేక తికమకపడొచ్చు. రెండు పాదాలకు పంచితే ఆ గొడవే లేదు.

ఇదంతా క్లాసులో చెబితే ఒకమ్మాయి అడిగింది: "అన్నీ బూటే చెబితే ఊరు నాకెప్పుడు తెలుస్తుంది సార్?"

ఆ ప్రశ్నకు జవాబు బూటులో లేదు, బెల్టులో ఉంది. జర్మనీలోని ఓస్నాబ్రుక్ విశ్వవిద్యాలయంలో పీటర్ కోనిగ్ బృందం నడుము చుట్టూ 13 మోటార్లు కట్టింది. దిక్సూచిని బట్టి ఉత్తరం వైపున్న మోటారు ఒక్కటే వణుకుతుంది. ఎటు వెళ్ళాలో చెప్పదు. మీరు తిరిగితే వణుకు నడుము మీద జరుగుతుంది, అంతే. 2005లో అచ్చయిన ప్రయోగంలో ఆరు వారాలు కట్టుకున్నవారిలో కొందరికి చోటు గురించిన స్పృహే మారింది. కదిలేది మనమే కావడం ఇక్కడ కీలకం. 1969లో పరిశోధకుడు పాల్ బాక్-ఇ-రీటా 400 మొనలున్న కుర్చీతో కెమెరా దృశ్యాన్ని అందులో కూర్చున్నవారి వీపు మీద గీయించినప్పుడూ ఇదే తేలింది. కెమెరాను తామే తిప్పుకున్నవారికి వస్తువు ఎదురుగా ఉన్నట్టు తోచింది. ఇంకొకరు తిప్పితే వీపు మీద గిలిగింతే.

అందుకే ఊరు తెలుసుకోవాలనుకునేవారి చేతికి బూటుకన్నా బెల్టే ఇస్తాను. జయనగర్ మెయిన్లు, క్రాసుల్లో మలుపు మలుపుకూ వణుకు నడుము మీద పావు చుట్టు దూకుతుంది. చిక్కపేట సందుల్లో మెల్లగా జారుతూ పోతుంది. రోజూ తిరిగే వీధుల వంకర ఒంటికి తెలిసొస్తుంది.

తర్వాతి కథ చిన్నదే. అనిరుధ్, క్రిస్పియన్ లారెన్స్ కలిసి పెట్టిన హైదరాబాద్ కంపెనీ డ్యూసెరె 2014లో లేచల్‌ను జనం ముందుకు తెచ్చింది. అనిరుధ్ ఆ తర్వాత పొగమసితో సిరా చేసే పనిలోకి వెళ్ళారు. ఓస్నాబ్రుక్ బెల్టేమో ఫీల్‌స్పేస్ అనే కంపెనీ చేతుల్లో అమ్మకానికొచ్చింది. చూపులేనివారికి మలుపులు చెప్పడం, అంటే అచ్చంగా బూటు పనే, ఇప్పుడు దానికీ వచ్చు. ఉత్తరం చూపే పద్ధతిని మాత్రం వాళ్ళు తీసేయలేదు.