రెండు సంచులు, ఒక గుంత

పొద్దున ఏడు గంటలు. వికారాబాద్‌లో ఒక గల్లీలోకి చెత్త ఆటో వచ్చింది. ఒక ఇల్లాలు బకెట్ తెచ్చి ఆటోలో కుమ్మరించింది. అందులో రాత్రి మిగిలిన అన్నం ఉంది. ఉల్లిగడ్డ పొట్టు ఉంది. పాల ప్యాకెట్లు ఉన్నాయి. పిల్లవాడి పాత నోటుబుక్కు ఉంది. పగిలిన గాజు గ్లాసు కూడా ఉంది.

ఆటో వెంట వచ్చిన ఆమె చేత్తో సర్దబోయింది. గాజు పెంకు వేలికి దిగింది. కొంగు చింపి కట్టు కట్టుకుంది. పక్క ఇంటికి పోయింది.

ఆ బకెట్‌లో నిజమైన చెత్త ఎంత? చాలా తక్కువ. అన్నం, పొట్టు మట్టిలో వేస్తే ఎరువు అవుతాయి. నోటుబుక్కును కబాడీ వాళ్లు కొంటారు. గాజును కరిగిస్తే మళ్లీ గాజే అవుతుంది. కానీ అన్నీ ఒకే బకెట్‌లో పడ్డాయి. అన్నం తడికి నోటుబుక్కు నానింది. ఇక దాన్ని ఎవరూ కొనరు. పాల ప్యాకెట్లు కలిసినందుకు అన్నం ఎరువుకూ పనికిరాదు. పనికొచ్చే నాలుగు వస్తువులు కలిసి పనికిరాని ఒక కుప్ప అయ్యాయి.

అవ్వల కాలంలో

పాత రోజుల్లో ఇంట్లో పారేసేది ఏముండె? బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిన గంజి కుడితి గోలెంలో పోసేవారు. బర్రె తాగేది. కందిపొట్టు గొడ్లకు పెట్టేవారు. కందికట్టె పొయ్యిలోకి పోయేది. పొయ్యిలో బూడిదతో గిన్నెలు తోమేవారు. పేడ, ఆకు అలము పెంటకుప్పకు చేరేవి. ఎండాకాలంలో ఆ పెంటను బండ్లకెత్తి చేలకు తోలేవారు. పాత చీరలు నాలుగు కలిపి కుట్టి బొంత చేసేవారు. ఇనుప ముక్కలు ఇస్తే బండివాడు ఉల్లిగడ్డలు తూచి ఇచ్చేవాడు. తల దువ్వితే రాలిన వెంట్రుకలను కూడా పారేయలేదు. చుట్ట చుట్టి గోడ సందులో దాచేవారు. వెంట్రుకలకు గిన్నెలిచ్చే మనిషి వచ్చేదాకా అవి అక్కడే ఉండేవి.

ఇదంతా ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు. లేమి నేర్పింది. పొదుపు నేర్పింది.

తరువాత ప్లాస్టిక్ వచ్చింది. సరుకు కవర్లో వచ్చింది. నూనె ప్యాకెట్లో వచ్చింది. షాంపూ పొట్లంలో వచ్చింది. ఆడవాళ్ల అలవాటు మాత్రం పాతదే. ఊడ్చినది ఊడ్చినట్లు పెంట మీద పోశారు. ఆకు కుళ్లింది. పేడ కుళ్లింది. కవరు కుళ్లలేదు. అది వందల ఏళ్లు మట్టిలో అట్లనే ఉంటుందని శాస్త్రం తెలిసినవాళ్లు అంటారు. ఆ పెంటను చేనుకు తోలితే కవర్లు కూడా చేనుకు పోతాయి. నాగలికి చుట్టుకుంటాయి. మట్టిలో పొరలాగా పడి వాన నీటిని లోపలికి దిగనివ్వవు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఆ నేల వల్ల వచ్చింది. ఆ నేలలోనే ఇప్పుడు కవర్లు తేలుతున్నాయి.

బర్రెల సంగతి ఇంకా ఘోరం. మిగిలిన అన్నం కవర్లో మూట కట్టి రోడ్డు మీద వేస్తారు. బర్రె ముడి విప్పదు. కవరుతో సహా మింగుతుంది. అది అరగదు. బయటికీ రాదు. కడుపులో ఉండలు కడుతుంది. బర్రె మేత మానేస్తుంది. పాలు తగ్గుతాయి. కడుపు ఉబ్బుతుంది. పశువుల డాక్టర్లు ఇలాంటి గొడ్ల పొట్ట కోసి కిలోల కొద్దీ ప్లాస్టిక్ తీశారు. అందాకా పోకముందే చచ్చిన గొడ్లు ఎన్నో. ఒక ఇంటి అన్నం మూట ఇంకో ఇంటి బతుకుదెరువును మింగింది.

గుట్ట మీద పడింది ఎటు పోతుంది?

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టలు ఉన్నాయి. మూసీ నది అక్కడే పుట్టింది. తూర్పుకు పారి గండిపేట చెరువులో చేరుతుంది. 1920లో కట్టిన ఆ చెరువు నీళ్లు హైదరాబాద్ వాళ్లు తాగారు. కాగ్నా నది కూడా ఆ గుట్టల్లోనే పుట్టింది. అది పడమటికి తిరిగి తాండూరు పక్కగా పారుతుంది. కర్ణాటకలో భీమా నదిలో కలుస్తుంది. భీమా పోయి కృష్ణలో కలుస్తుంది. మూసీ కూడా నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలోనే కలుస్తుంది.

అంటే గుట్టకు ఇటు పారేసినా, అటు పారేసినా చివరికి చేరేది ఒక్క చోటికే. గుట్ట చూడటానికి వచ్చినవాళ్లు నీళ్ల సీసాలు, చిప్సు ప్యాకెట్లు విసిరిపోతారు. వానకు అవి వాగులో పడతాయి. తాండూరు మోరీలో పడిన కవరు కూడా అంతే. ముందు మోరీకి అడ్డం పడుతుంది. నీళ్లు నిలుస్తాయి. దోమలు పుడతాయి. పెద్ద వాన వస్తే కొట్టుకుపోతుంది.

ఇంట్లో చేసుకునే ఏర్పాటు

దీనికి పెద్ద ఖర్చు లేదు. రెండు పాత సంచులు కావాలి. ఒక చిన్న గుంత కావాలి.

ముందు గుంత సంగతి. పెరట్లో నీడ ఉన్న చోట మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు తవ్వాలి. లోతు రెండు, రెండున్నర అడుగులు చాలు. తాండూరు వైపు నాపరాయి ముక్కలకు కరువు లేదు. విరిగిన బండ ముక్కలను గుంత చుట్టూ నిలబెడితే అంచు కూలదు. వాన నీళ్లు లోపలికి రావు. అడుగున ఎండుటాకులు పరవాలి. దాని మీద రోజూ వచ్చే కూరగాయల తొక్కలు, ఉల్లి పొట్టు, టీ పొడి, వాడిన పూలు వేయాలి. పైన పిడికెడు మట్టి చల్లాలి. వారానికి ఒకసారి పేడ కలిపిన నీళ్లు చిలకరించాలి. పిండిన బట్టలో ఎంత తడి ఉంటుందో గుంతలో అంతే తడి ఉండాలి. ఎక్కువైతే కంపు కొడుతుంది. అప్పుడు ఎండుటాకులు వేస్తే సరి. పదిహేను రోజులకు ఒకసారి కర్రతో కలిపితే తొందరగా కుళ్లుతుంది. ఎముకలు, చేప ముళ్లు వేయకూడదు. కుక్కలు గుంత తోడి పోస్తాయి. మూడు నెలలకు నల్లటి పొడి ఎరువు వస్తుంది. తొలకరి మట్టి వాసన వస్తే అయినట్లే. బీరపాదుకు, టమాటకు వేసుకోవచ్చు.

పెరడు లేని ఇల్లయితే? ఓటి కుండకో, పాత బకెట్‌కో అడుగున చిల్లులు పెట్టాలి. పద్ధతి అదే. మూత ఉంటే ఈగలు రావు.

ఇక సంచులు. ఒక సంచిలో అమ్ముడుపోయేవి వేయాలి. కాగితం, అట్టలు, ఇనుము, సత్తు గిన్నెలు, సీసాలు, ప్లాస్టిక్ డబ్బాలు అందులోకి. రెండో సంచిలో ఎవరూ కొననివి వేయాలి. రెండూ పొడిగా ఉండాలి. పాల ప్యాకెట్‌ను కడిగి తీగ మీద ఆరేయాలి. కత్తిరించేటప్పుడు మూల పూర్తిగా తెంపకూడదు. ఆ చిన్న ముక్క ఎక్కడో పడిపోతుంది. దాన్ని మళ్లీ ఏరేవాళ్లు లేరు. మూలను అంటుకునేటట్టు వదిలితే ప్యాకెట్‌తో పాటే పోతుంది.

సీసా అడుగున అంకె

అంకెలు నేర్చుకున్నవాళ్లు ఒక పని చేయవచ్చు. ప్లాస్టిక్ సీసాను తిరగేసి అడుగు చూడాలి. చాలా వాటి మీద మూడు మూలల గుర్తు ఉంటుంది. దాని మధ్యలో ఒక అంకె ఉంటుంది. 1 నుంచి 7 దాకా ఏదో ఒకటి. ఆ అంకె ప్లాస్టిక్ రకాన్ని చెబుతుంది.

1 అంటే నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు. వీటిని కరిగించి దారం తీస్తారు. పాలిస్టర్ బట్ట నేస్తారు. 2 అంటే గట్టి సీసాలు. షాంపూ, ఫినాయిల్ వీటిలో వస్తాయి. పాల ప్యాకెట్ వంటి మెత్తటి కవరు 4. మూత డబ్బాలు, టిఫిన్ డబ్బాలు ఎక్కువగా 5. కబాడీ వాళ్లకు 1, 2, 5 అంటే ఇష్టం. 3 పైపుల ప్లాస్టిక్. 6 థర్మాకోల్ రకం. 7 అంటే మిగిలిన రకాలన్నీ. ఈ మూడింటికి బేరం రావడం కష్టం.

చిప్సు ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, షాంపూ పొట్లాలు ఎవరూ కొనరు. వాటిలో ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పొర ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. విడదీయడం కష్టం. దేశంలో కొన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వీటిని బొగ్గుతో పాటు బట్టీలో వేస్తాయి. అక్కడ 1,450 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. తాండూరు వాళ్లకు సిమెంటు బట్టీలు కొత్త కాదు. ఆ వేడి ఎంతో వాళ్లకు చెప్పనక్కరలేదు.

ఇంటి పొయ్యికి ఆ వేడి ఎక్కడిది? అయినా చాలామంది ఆడవాళ్లు కవరు ముక్కతోనే పొయ్యి అంటిస్తారు. నీళ్లు కాగే పొయ్యిలో సీసాలు కూడా వేస్తారు. తక్కువ వేడి మీద కాలిన ప్లాస్టిక్ నుంచి విషపు పొగ వస్తుంది. డయాక్సిన్ అనే విషం కూడా అందులో ఉంటుంది. అది క్యాన్సర్ తెచ్చే విషం. పొయ్యి ముందు కూర్చునేది ఎవరు? ఆమె. ఆమె ఒడిలో పసిపిల్ల. అంటించడానికి ఎండు కొబ్బరి పీచు చాలు, ఎండిన కందికట్టె చాలు.

కబాడీ బండి వచ్చినప్పుడు

తూకానికి ముందే ధర అడగాలి. "అన్నా, కాగితం కిలో ఎంత? అట్ట ఎంత? ఇనుము ఎంత?" అని వేరువేరుగా అడగాలి. అన్నీ కలిపి ఒక ధర అంటే ఒప్పుకోవద్దు. ఇనుము ధర, కాగితం ధర ఒకటి కావు. సత్తుకు ఇంకా ఎక్కువ వస్తుంది. కారణం ఉంది. కొత్త అల్యూమినియం చేయడానికి చాలా కరెంటు కావాలి. పాతది కరిగించడానికి అందులో 100కు 5 వంతులు చాలు. అందుకే దాన్ని ఎవరూ వదులుకోరు.

కాంటాకు ఏమీ తగిలించకముందు ముల్లు సున్నా మీద ఉందా చూడాలి. లేకపోతే చెప్పాలి. సిగ్గు పడాల్సిన పని లేదు. ఎన్ని కిలోలు, ఎంత ధర, ఎంత వచ్చింది అని నోటుబుక్కులో రాసుకోవాలి. ధరలు మారుతుంటాయి. పోయిన నెల లెక్క చేతిలో ఉంటే బేరం సులువు. సంఘం ఆడవాళ్లు పదిమంది తమ సంచులు ఒక చోట పోగు చేస్తే ఇంకా మేలు. ఒక సంచికి గల్లీ బండివాడు వస్తాడు. పది సంచులైతే పట్నం దుకాణంవాడే వస్తాడు.

ఊరు ఏం చేయాలి?

ఇంట్లో వేరు చేసినదాన్ని ట్రాక్టరులో మళ్లీ కలిపేస్తే ఆడవాళ్లకు ఒళ్లు మండుతుంది. అది న్యాయమైన కోపమే. 2016లో కేంద్ర ప్రభుత్వం చెత్త నియమాలు తెచ్చింది. తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త ఇంటి దగ్గరే వేరు కావాలని చెప్పింది. వేరుగానే తీసుకుపోవడం మున్సిపాలిటీ, పంచాయతీల పని అని కూడా చెప్పింది. తెలంగాణలో 2019లో పల్లె ప్రగతి మొదలైంది. పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి. చెత్త వేరు చేసే షెడ్లు కట్టారు. మరుసటి ఏడు పట్టణ ప్రగతి వచ్చింది. షెడ్డు ఉండీ చెత్త కలిసే పోతుంటే గ్రామసభలో అడగవచ్చు. కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఇవ్వవచ్చు.

డబ్బాలు పంచితే చాలదు. 2015లో హైదరాబాద్‌లో ఇంటికి రెండు డబ్బాలు ఇచ్చారు. తడికి ఒకటి, పొడికి ఒకటి. మంచి డబ్బాలు కావడంతో కొందరు అందులో బియ్యం పోసుకున్నారు. కొందరు నీళ్లు నింపుకున్నారు. నీళ్ల కరువు ఉన్న ఇల్లాలిని తప్పు పట్టడం కష్టం.

సూర్యాపేటలో వేరే విధంగా జరిగింది. 2000 తరువాతి మొదటి ఏళ్లలో అక్కడి మున్సిపాలిటీ ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరుగా తీసుకుంది. మహిళా సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించి ట్రాక్టర్లు కొనిపించారు. వాటినే మున్సిపాలిటీ కిరాయికి తీసుకుంది. తడి చెత్తతో వానపాముల ఎరువు చేశారు. పొడి సామాను అమ్మారు. వీధుల్లో చెత్త కుండీలు తీసేశారు. వేరే ఊర్ల వాళ్లు వచ్చి చూసిపోయారు. ఆ ఊరు వికారాబాద్ కంటే పెద్దది. జిల్లాలు వేరైనా జనం, జీవనం ఇట్లాంటివే.

గాజు పొట్లం

పగిలిన గాజు, బ్లేడు, సూది మందు సూదులు ఏ సంచిలోనూ ఊరికే వేయకూడదు. పాత పేపరు నాలుగు మడతలు పెట్టి చుట్టాలి. దారం కట్టాలి. వాడిన నెలసరి గుడ్డలు, ప్యాడ్లు కూడా కాగితంలో చుట్టి, పైన ఎర్ర గుర్తు పెట్టి వేరుగా ఇవ్వాలి. పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు గుంతలో వేయవద్దు. ట్యూబులైట్‌లో పాదరసం ఉంటుంది. అది మట్టిలోకి దిగుతుంది.

గాజు పొట్లం మీద పెద్ద అక్షరాలతో పేరు రాయాలి. గ కు దీర్ఘం ఇస్తే గా. జ కు కొమ్ము ఇస్తే జు. గాజు.

రేపు పొద్దున ఏడు గంటలకు ఆటో వస్తుంది. వెంట వచ్చే ఆమె ఈ మధ్యనే అక్షరాలు నేర్చుకుని ఉండవచ్చు. పొట్లం అందుకుంటుంది. రెండక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. చెయ్యి జాగ్రత్తగా పట్టి, పొట్లాన్ని ఆటోలో ఒక మూలకు పెడుతుంది.