పిల్లి బొచ్చు, ఎడారి దుమ్ము, ఒక సంచి

కువైట్‌లో పిల్లులున్న ఇంటికి వాక్యూమ్ క్లీనర్ కొనాలంటే ముందొక సంగతి గుర్తుపెట్టుకోవాలి. తివాచీ మీద ఉన్న చెత్త ఒక రకం కాదు, రెండు. ఒకటి పిల్లి బొచ్చు, రెండోది ఎడారి. బొచ్చు పొడుగ్గా, తేలిగ్గా ఉండి తివాచీ పోగుల్లోకి అల్లుకుపోతుంది. దుమ్మేమో పిండిలా మెత్తగా, మూసిన కిటికీ సందుల్లోంచి కూడా దూరి వస్తుంది. మొదటిదాన్ని పీకి లాగాలి. రెండోదాన్ని లాగాక మళ్ళీ బయటికి పోకుండా పట్టి ఉంచాలి. దుకాణంలో కుర్రాడు మొదటి పని భేషుగ్గా చేసి చూపిస్తాడు. రెండోది మనం అడిగితే తప్ప ఎత్తడు.

ఇక్కడివాళ్ళు దుమ్ము తుఫానును తూజ్ అంటారు. 2011 మార్చి 25న ఎర్రటి గోడలా కదిలొచ్చిన తూజ్ నిమిషాల్లో ఊరంతా చీకటి చేసింది. 2022 మే 23న విమానాలనే కాసేపు ఆపేశారు. అంతటివి ఎప్పుడో గానీ రావు. చిన్నాచితకా మాత్రం ఏటా ఎండాకాలమంతా వస్తూనే ఉంటాయి. ఇక బొచ్చు. పగటి వెలుగు ఎంతసేపు ఉందన్న దాన్నిబట్టి పిల్లి ఒళ్ళు బొచ్చు మార్చుకుంటుంది. తలుపులు బిగించి, రాత్రి పన్నెండు దాకా దీపాలు వెలిగే ఏసీ ఇంట్లో దానికి ఋతువెక్కడిది? ఏడాది పొడుగునా రాలుస్తూనే ఉంటుంది. అందులోనూ ఈ దేశంలో జనం ముచ్చటపడేది షిరాజీని, అంటే మనం పర్షియన్ పిల్లి అనేదాన్ని. దానికి ఒళ్ళంతా దూదే.

బొచ్చు సంగతి కాస్త తేలిక. గొట్టం చివర తిరిగే బ్రష్ ఉండాలి, వీలైతే దానికి సొంత మోటారు ఉండాలి. బ్రష్‌కు చుట్టుకున్న వెంట్రుకల్ని కత్తెరతో కోసి తీసే వీలుందో లేదో దుకాణంలోనే విప్పి చూడండి. చేత్తో నేసిన ఇరానీ తివాచీ ఉంటే దాని మీద మాత్రం బ్రష్ తిరగడం ఆపాలి, లేకపోతే కుచ్చులు ఊడొస్తాయి. సోఫాకు యంత్రం కూడా అక్కర్లేదు. తడిపిన రబ్బరు గ్లవ్‌తో ఒకవైపుకి తుడిస్తే బొచ్చు ఉండలు కట్టి వచ్చేస్తుంది. రోజూ పిల్లికి పది నిమిషాలు దువ్వెన పెడితే ఇంకా మంచిది. అందుకు ఒప్పుకునే పిల్లి దొరకడం అదృష్టం.

పెట్టె మీద పెద్దక్షరాలతో రాసే వాట్లను చూసి మోసపోవద్దు. అది యంత్రం తినే కరెంటు లెక్క, పీల్చే బలం లెక్క కాదు. యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు దాటినవి అమ్మకూడదని నియమం పెట్టారు. అక్కడి ఇళ్ళేమీ మురికి పట్టిపోలేదు. అమెరికాలో ఉన్న తమ్ముడు పంపిస్తానన్నా వద్దనండి. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 240.

అసలు చిక్కు దుమ్ముతోనే. ఈమధ్య అందరూ సంచి లేని రకాల వెంట పడుతున్నారు, మాటిమాటికీ సంచులు కొనక్కర్లేదని. కానీ ఆ డబ్బాను చెత్తబుట్టలో దులిపే క్షణంలో, లోపలికి పోయిన ఎడారి సగం మొహం మీదికే లేస్తుంది. ఆ మొహం ఎవరిది? కువైట్‌లో చాలా ఇళ్ళలో ఈ యంత్రాన్ని కొనేవాళ్ళు వేరు, నెట్టేవాళ్ళు వేరు. రాయచోటి, రాజంపేట వైపు నుంచో, కోనసీమ నుంచో వచ్చిన మన ఆడవాళ్ళు వేలమంది ఇక్కడి ఇళ్ళలో పనిచేస్తున్నారు. మెట్లెక్కి మూడో అంతస్తుకు డ్రమ్ములాంటి యంత్రాన్ని మోసేది వాళ్ళే, డబ్బా దులిపేదీ వాళ్ళే. రాయచోటి ఆవిడ ఒకరు నాతో అన్న మాట: "బొచ్చు కండ్లకు కనపడుతుంది గదన్నా. దుమ్ము గొంతులో పడేదాకా తెలీదు." ఊళ్ళో అయితే కళ్ళాపి చల్లి పొరక పట్టేదట. దుమ్ము లేవకుండా ఊడవడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. తివాచీ మీద కళ్ళాపి చల్లలేం, అంతే తేడా.

అరబీలో వాక్యూమ్ క్లీనర్‌ను మిక్నసా కహ్రబాయియ్యా అంటారు, అంటే కరెంటు చీపురు. నిజానికి దాని పుట్టుక కూడా చీపురు పట్టినవాడి చేతుల్లోనే. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్ళో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అని ఒక దుకాణం ఊడ్చే మనిషి ఉండేవాడు. ఉబ్బసం రోగి. ఊడ్చినప్పుడల్లా దగ్గు. 1907లో ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రం కట్టుకున్నాడు, మరుసటి ఏడు పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కులు కొన్న హూవర్ పేరే తర్వాత లోకానికి తెలిసింది. ఊడ్చేవాడి ఊపిరి కోసం పుట్టిన వస్తువును ఊడ్చేవాళ్ళను వదిలేసి ఎంచుకోవడం నాకు మింగుడుపడదు.

అందుకే నా ఓటు సంచి ఉన్న రకానికే. బయటికి తీసేటప్పుడు మూతి మూసుకునే సంచి, వెనక హెపా వడపోత. హెచ్13 రకమైతే పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సైజు కణాల్లో కూడా 99.95 శాతాన్ని ఆపుతుంది. పిల్లుల వల్ల తుమ్ములొచ్చే ఇళ్ళకు ఇదే ముఖ్యం, ఎందుకంటే ఆ ఎలర్జీకి కారణం బొచ్చు కాదు. పిల్లి ఉమ్ములో, చర్మపు జిడ్డులో ఉండే ఒక ప్రోటీన్. పిల్లి నాక్కున్నప్పుడు అది బొచ్చుకు అంటి, ఎండి, పొడై గంటల తరబడి గాల్లో తేలుతుంది. యంత్రం అతుకుల దగ్గర గాలి కారితే ఎంత గొప్ప వడపోత ఉన్నా దండగే. కాబట్టి ఆన్ చేసి, మూత అంచుల వెంట అరచెయ్యి పెట్టి చూడండి.

కొనే ముందు ఎవరు నెట్టాలో వాళ్ళనే దుకాణానికి తీసుకెళ్ళి ఒకసారి ఎత్తి చూడమనండి. ఆ నమూనా సంచులు ఇక్కడ విడిగా దొరుకుతాయో లేదో అడిగి, ఏడాదికి సరిపడా అప్పుడే కొనేయండి.