సహరీ వేళ వెలిగే బల్బుకు కరెంటు ఎక్కడిది?

రంజాన్ నెలలో కిషన్‌బాగ్ గల్లీల్లో కరెంటు అవసరం రెండు వేళల్లో గట్టిగా తెలుస్తుంది. ఒకటి సహరీ, రెండోది ఇఫ్తార్ నుంచి తరావీ ముగిసేదాకా. ఆ రెండు వేళల్లోనూ ఎండ ఉండదు. ఏ కరెంటు చవక, ఏది మంచిది అని మాట్లాడేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లోనే నిజాం ప్రభుత్వం బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం పెట్టింది. ఇప్పుడది లేదు గానీ బొగ్గు మాత్రం మనల్ని వదల్లేదు. సింగరేణి బొగ్గు మీద ఆధారపడిన రామగుండం ఎన్టీపీసీ ఒక్కటే 2,600 మెగావాట్లది. పగలూ రాత్రీ నడుస్తుంది, అదే దాని బలం. ఒక యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లు పూర్తిగా బొగ్గు కరెంటు మీదే నడిస్తే 140 కిలోలు కాల్చినట్టు. ఆ పొగ, బూడిద మన గల్లీకి రావు, అక్కడివాళ్ల మీద పడతాయి.

నీటి కరెంటుకు పొగ లేదు. పైగా శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు యూనిట్లను (మొత్తం 900 మెగావాట్లు) నిమిషాల్లో నడపొచ్చు. చల్లారిన బొగ్గు బాయిలర్ వేడెక్కాలంటే గంటలు పడుతుంది. అందుకే ఇఫ్తార్ వేళ ఒక్కసారిగా పెరిగే వాడకానికి నీరు బాగా పనికొస్తుంది. కృష్ణలో నీళ్లుంటేనే సుమా! ఎండాకాలంలో, సరిగ్గా కూలర్లు తిరిగే రోజుల్లోనే, జలాశయం అడుగంటుతుంది.

అణు కరెంటు కేంద్రం తెలంగాణలో లేదు, కానీ దేశంలోని చాలా రియాక్టర్లకు ఇంధనం తయారయ్యేది మన మౌలాలి దగ్గరే. గాలిమరలు ఎక్కువగా అనంతపురం, కర్నూలు వైపు.

ఇక సోలార్. రామగుండంలోనే జలాశయం మీద తేలే 100 మెగావాట్ల ప్యానెళ్లు 2022 నుంచి పనిచేస్తున్నాయి. అయితే 100 మెగావాట్ల సోలార్, 100 మెగావాట్ల బొగ్గు ఒకటి కావు. ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లిస్తుంది. అదే సామర్థ్యంతో 24 గంటలూ ఆగకుండా నడిచే యంత్రం 24 ఇస్తుంది.

మిద్దె మీద పెట్టుకోవచ్చా? 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. నెట్ మీటరింగ్‌తో పగలు లైన్‌లోకి పంపిన యూనిట్లు రాత్రి వాడకంలో తగ్గుతాయి. కానీ కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. కిషన్‌బాగ్‌లో ఒకే మిద్దె కింద మూడు నాలుగు కుటుంబాలుంటాయి, చాలామంది కిరాయివాళ్లే. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇంటికి సోలార్‌తో మిగిలేదేమీ లేదు. ఏసీతో 200 దాటుతున్న సొంతింటివాళ్లు లెక్కేసుకోవచ్చు.

ఇంకో మాట. బ్యాటరీ లేని సోలార్, లైన్ కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా చేశారు. ఇది కొనేముందే అడిగి తెలుసుకోవాలి, లేకపోతే ఇన్వర్టర్ అమ్మేసుకుని తర్వాత బాధపడాల్సి వస్తుంది.