కొత్త రక్తం కుదురుకునేదాకా...

కిడ్నీ మార్పిడిలో డాక్టర్ల భయం ఒకటే... ఒళ్లు కొత్త అవయవాన్ని తిరస్కరిస్తుందేమోనని. మూలుగ మార్పిడిలో దానికి తోడు మరో భయం. వచ్చిన కణాలే ఒంటి మీద తిరగబడతాయేమోనని!

లుకేమియా, తలసీమియా లాంటి జబ్బులకు చేసే ఈ చికిత్సలో ముందు రోగి మూలుగను మందులతో ఖాళీ చేస్తారు. తర్వాత దాత మూలకణాలను రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అవి ఎముకల్లోకి చేరి రక్తం తయారుచేయడం మొదలుపెడతాయి. చిక్కేమిటంటే, వాటితోపాటు దాత టీ కణాలూ వస్తాయి. పరాయివాటిని పసిగట్టి చంపడమే వీటి పని. కొత్త ఒంట్లో వాటికి అంతా పరాయే! చర్మం, పేగులు, కాలేయం మీద పడతాయి. దద్దుర్లు, విరేచనాలు, కామెర్లు... ముదిరితే ప్రాణాలకే ముప్పు.

మరి టీ కణాలను ముందే వడకట్టేస్తే? 1980ల్లో అదీ చేసి చూశారు. దాడి తగ్గింది కానీ లుకేమియా తిరగబెట్టడం ఎక్కువైంది. కొందరిలో కొత్త మూలుగ అసలు కుదురుకోనేలేదు. మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను వెతికి చంపేదీ ఆ టీ కణాలే మరి!

వాటిలోనే సర్దిచెప్పే రకం కూడా ఉందని 1995లో చూపించారు జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి. అవే రెగ్యులేటరీ టీ కణాలు. కుర్రాళ్లు కలబడుతుంటే మధ్యలోకి వచ్చే ఇంటి పెద్దలాంటివన్నమాట. ఈ పరిశోధనలకే 2025లో ఆయనతోపాటు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు నోబెల్ దక్కింది.

ఆ పెద్దల విలువ తెలియాలంటే సైక్లోఫాస్ఫమైడ్ సంగతి చూడాలి. క్యాన్సర్‌కు ఎప్పటినుంచో వాడుతున్న మందే. తోబుట్టువుతో కణాల గుర్తులు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. ఒకరిద్దరు పిల్లలున్న ఇళ్లలో అదీ కష్టం. అమ్మానాన్నలతో సాధారణంగా సగమే కలుస్తాయి. అలాంటప్పుడు దాడి మరీ తీవ్రం. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు ఓ ఉపాయం పన్నారు. మార్పిడి అయిన వెంటనే మందు ఇవ్వకుండా మూడు, నాలుగు రోజుల దాకా ఆగారు. ఈలోగా కోపంతో ఉన్న టీ కణాలు జోరుగా విభజన చెందుతుంటాయి. సరిగ్గా అప్పుడు మందు పడితే ముందుగా చచ్చేవి అవే. మూలకణాలు, రెగ్యులేటరీ కణాల్లో ఆ మందును విరిచేసే ఎంజైము ఎక్కువ కాబట్టి అవి చాలావరకు తట్టుకుంటాయి. అలా సగమే కలిసిన అమ్మ, నాన్న కూడా దాతలయ్యారు.

కిడ్నీ పెట్టించుకున్నవాళ్లు సాధారణంగా జీవితాంతం మందులు వాడాల్సిందే. మూలుగ మార్పిడి చేయించుకున్నవాళ్లలో చాలామంది మాత్రం కొన్ని నెలలకో, కొన్నేళ్లకో రోగనిరోధక శక్తిని అణిచే మందులు మానేయగలుగుతారు. కాకపోతే కొత్త కాపలాదారులకు పాత పాఠాలు గుర్తుండవు. అందుకే పెద్దవాళ్లకైనా సరే, చిన్నప్పుడు వేసిన టీకాలు మళ్లీ మొదటినుంచీ వేస్తారు!