లింకను ముందరి పటము

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజధానియగు వాషింగ్టను నగరమున, శాసనసభా భవనమునందు ఒక పెద్ద తైలవర్ణచిత్రము కలదు. 1862వ సంవత్సరమున అధ్యక్షుడు అబ్రహాము లింకను దాస్యవిమోచన ప్రకటనను తన మంత్రులకు మొదటిసారి చదివి వినిపించిన ఘట్టము అందలి విషయము. చిత్రకారుడు ఫ్రాన్సిస్ కార్పెంటరు 1864లో ఇంచుమించు ఆరు నెలలు అధ్యక్ష భవనమునకు రాకపోకలు సాగించి, లింకను తరచుగా చేతబట్టి చూచుచుండిన వస్తువులను గమనించి చిత్రమున కెక్కించెను. కుడివైపు దిగువ మూలను ఒదిగియున్న ఒక పటము వాటిలో నొకటి.

అది 1860 నాటి జనాభా లెక్కల ననుసరించి 1861లో సముద్రతీర సర్వే శాఖవారు ప్రకటించిన పటము. దక్షిణ రాష్ట్రములలో మన పూర్వపు తాలూకాల వంటి ప్రతి కౌంటీకిని నూటికెందరు బానిసలో అంకె వేసి, ఆ అంకె హెచ్చినకొలది ఛాయను ముదురు చేసిరి. కొండసీమలు తెల్లగా నున్నవి. మిసిసిపీ నదీతీరము, దక్షిణ కరొలైనా సముద్రతీరము, అలబామా నడుమ నొక పట్టె కాటుక పులిమినట్లున్నవి. యుద్ధములో గాయపడినవారి, జబ్బుపడినవారి సహాయార్థము ఆ పటమును విక్రయించిరి. తన సైన్యము లెచ్చటికి పోవుచున్నవో లింకను దానిపైననే చూచుకొనుచుండెనట.

అమెరికా అంతర్యుద్ధమునకు కారణమేమని ప్రశ్నించినప్పుడు పలువురు పలు సమాధానములు చెప్పుదురు. ఉత్తరము యంత్రములనాడు, దక్షిణము నాగలినాడు కాబట్టి పొసగలేదని కొందరు, దిగుమతి సుంకముల వలన వైరము పెరిగినదని కొందరు, రాష్ట్రముల హక్కులకును కేంద్రాధికారమునకును జరిగిన వివాదమని మరికొందరు. ఈ మాటలలో దేనికిని ఆధారము లేకపోలేదు. కాని ఆ పటమును ఎదుట నుంచుకొని యుద్ధచరిత్రను చదివినచో, ఈ భేదములన్నియు ఆ నల్లని ఛాయ చుట్టునే పెనవేసికొని యున్నవని బోధపడును. ప్రాంతభేదమొకటి, బానిసత్వమొకటి యని రెండు వేరు కారణములు లేవు. బానిసత్వమే ప్రాంతములను ప్రాంతములుగా చీల్చినది.

ఆ ఛాయ ఎట్లు వచ్చినదో మొదట చూడవలెను. 1619లో వర్జీనియా తీరమున పాయింట్ కంఫర్ట్ అనుచోట ఇరువదిమందికి పైబడిన ఆఫ్రికావాసులను ఒక ఓడ దింపినది. తరువాతి నూటయేబది యేండ్లలో బానిసత్వము ఉత్తర, దక్షిణ వలసరాజ్యము లన్నిటను వ్యాపించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఉత్తర రాష్ట్రము లొకటొకటిగా దానిని వదలుకొన నారంభించినవి. దక్షిణముననుసైతము అది తనంత తాను క్షీణించునని నమ్మినవారు లేకపోలేదు. ఆ నమ్మకమును వమ్ము చేసినది ప్రత్తి. దక్షిణపు లోనేలలలో పండు పొట్టిపింజ ప్రత్తికి గింజ వదలదు. ఒక మనిషి దినమంతయు కూర్చుండి ఒలిచినను ఒక పౌను దూది తేలుట కష్టము. 1793లో ఈలై విట్నీ కల్పించిన జిన్ను యంత్రము ఆ చిక్కును విడదీసినది. 1790లో ఐదువేల బేళ్లకు మించని పంట 1860 నాటికి ఇంచుమించు 40 లక్షల బేళ్లకు పెరిగినది. బానిసల సంఖ్యయు 7 లక్షలనుండి 39 లక్షలు దాటినది. యంత్రము గింజను వేరుచేసెను గాని, చేనిలో వంగి ఆ ప్రత్తి నేరుటకు మనుష్యుల చేతులే కావలసి వచ్చినవి.

అలబామా నడుమ సాగిన ఆ నల్లని పట్టెలోని నేల మన నల్లరేగడివలె ముదురురంగు నేల. దానికి నల్లపట్టె యను పేరు మొదట ఆ మట్టినిబట్టియే వచ్చెను. సారవంతమైన నేల యెక్కడనో అక్కడ ప్రత్తి, ప్రత్తి యెక్కడనో అక్కడ బానిసలు. వర్జీనియా, మేరీలాండు మొదలగు పాతసీమలలో పొగాకు పంటతో నేల నిస్సారమైన కొలది, అచ్చటి యజమానులు తమ బానిసలను క్రొత్త ప్రత్తినేలలకు విక్రయింప సాగిరి. 1790కిని 1860కిని నడుమ సుమారు పది లక్షలమంది ఈ విధముగా పుట్టినచోటనుండి పెకలింపబడి, కొందరు యజమానుల వెంట, పెక్కుమంది వర్తకుల చేత సంకెళ్లతో, దక్షిణమునకు నడిపింపబడిరి. ఆలొకయూర, మగడొకయూర, బిడ్డ మరియొకయూర అమ్ముడుపోయిన కుటుంబములకు లెక్కలేదు. మనుష్యులను సొత్తుగా లెక్కించిన ఆ దినములలో, 40 లక్షలమంది బానిసల విలువ సుమారు 300 కోట్ల డాలర్లు. ఆ దేశపు రైలుమార్గములును కర్మాగారములును కలిపి చూచినను అంత వెల చేయవు. ఇంతటి సొమ్ము చిక్కుకొని యున్నచోట నీతివాక్యములతో మాత్రమే మార్పు రాగలదని ఎదురుచూచుట వ్యర్థము.

1787లో రాజ్యాంగమును రచించినవారు బానిస యను పదము నందు వాడలేదు. కాని బానిసత్వమునకు మూడుచోట్ల చోటిచ్చిరి. బానిసకు వోటు లేకున్నను, ప్రతినిధుల సంఖ్యను నిర్ణయించునప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురు మనుష్యులుగా లెక్కింపవలెనని ఒక నియమము చేసిరి. అందువలన ఎందరి నోరు కట్టివేయబడినదో వారి సంఖ్యచేతనే వారి యజమానుల బలము పెరిగినది. 1808 వరకు బానిసల దిగుమతిని నిషేధింపరాదనియు, పారిపోయిన బానిసను ఏ రాష్ట్రమైనను తిరిగి అప్పగింపవలెననియు తక్కిన రెండు నియమములు.

దేశము పడమటికి పెరిగినకొలది, ప్రతి క్రొత్తసీమతోను ఒకే ప్రశ్న పుట్టుచుండెను: ఇది స్వేచ్ఛాభూమియా, బానిసభూమియా? సెనేటులో ప్రతి రాష్ట్రమునకును ఇద్దరేసి సభ్యులు గనుక, ఒక రాష్ట్రము చేరుటతో తక్కెడ ఒరగును. 1820లో మిస్సోరిని బానిసరాష్ట్రముగను మెయినును స్వేచ్ఛారాష్ట్రముగను చేర్చుకొని, 36 డిగ్రీల 30 నిమిషముల అక్షాంశరేఖకు ఉత్తరమునగల పడమటి క్రొత్తసీమలలో మిస్సోరియందు తప్ప బానిసత్వము కూడదని ఒక గీత గీసిరి. 1850లో కాలిఫోర్నియా స్వేచ్ఛారాష్ట్రమైనప్పుడు, దక్షిణమును శాంతింపజేయుటకు పారిపోయిన బానిసలను పట్టియిచ్చు కఠినశాసనము చేసిరి. 1854లో కాన్సాసు, నెబ్రాస్కా సీమల ప్రజలే తమ మార్గమును నిర్ణయించుకొందురుగాక యని పాతగీతను చెరిపివేయగా, కాన్సాసులో ఇరుపక్షములవారును తుపాకులతో దిగి నెత్తురు పారించిరి. 1857లో అత్యున్నత న్యాయస్థానము డ్రెడ్ స్కాట్ అను బానిస వ్యాజ్యెములో, నల్లవానికి పౌరత్వము లేదనియు, కేంద్రపాలిత సీమలలో బానిసత్వమును నిషేధించు అధికారము శాసనసభకు లేదనియు తీర్పు చెప్పినది. ఇక రాజీకి నిలువనీడ లేకుండ పోయెను.

రాష్ట్రముల హక్కుల వాదము ఇక్కడనే పరీక్షకు నిలువవలసి యున్నది. పారిపోయి వచ్చినవారిని అప్పగింపకుండ కొన్ని ఉత్తర రాష్ట్రములు శాసనములు చేసికొన్నవి. వాటిని త్రోసిపుచ్చి కేంద్రప్రభుత్వము తన బలమును ప్రయోగింపవలెనని కోరినది దక్షిణము. 1860 డిసెంబరు 20న, యూనియను అనబడు సంయుక్త రాష్ట్రముల కూటమినుండి మొట్టమొదట విడిపోయిన దక్షిణ కరొలైనా, తన కారణములను చాటిన పత్రములో ఆ రాష్ట్రశాసనములనే ప్రధానమగు అపరాధముగా ఎత్తిచూపినది. తమ స్థితి సర్వము బానిసత్వముతో ముడివడి యున్నదని మిసిసిపీ రాష్ట్రము తన పత్రపు మొదటనే చెప్పుకొన్నది. విడిపోయిన రాష్ట్రముల క్రొత్తకూటమికి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండరు స్టీఫెన్సు 1861 మార్చిలో సవానా నగరమున ప్రసంగించుచు, జాతుల అసమానతయే తమ ప్రభుత్వమునకు మూలశిల యని దాపరికము లేక ప్రకటించెను. వారే చెప్పిన మాటను కాదనుట మన పనికాదు.

1860 ఎన్నికలలో లింకను గెలిచినది నూటికి 40కి కొంచెము తక్కువ వోట్లతో. పది దక్షిణ రాష్ట్రములలో ఆయనకు వోటుచీటీయే లేదు. ఉన్నచోట బానిసత్వము జోలికి పోననియు, క్రొత్తసీమలకు మాత్రము దానిని పాకనీయననియు ఆయన పదేపదే చెప్పెను. పాకనిచో అది క్రమముగా చచ్చునని యజమానులెరుగుదురు గనుక, ఆ మాత్రము మాటయే వారికి చాలినది. వారు విడిపోయిన క్రమమును పటముతో పోల్చి చూడుడు. లింకను పదవి స్వీకరించుటకు ముందే తొలగిపోయిన ఏడు దిగువ రాష్ట్రములలో జనులందు నూటికి 47 మంది బానిసలు. 1861 ఏప్రిల్ 12న యూనియనువారి సమ్టరు కోటపై దక్షిణపు ఫిరంగులు ప్రేలి, లింకను 75,000 మంది సైనికులకై పిలుపునిచ్చిన తరువాత తొలగిన వర్జీనియా, అర్కాన్సా, టెన్నెసీ, ఉత్తర కరొలైనాలలో నూటికి 29 మంది. బానిసలుండియు యూనియనులో నిలిచిపోయిన కెంటకీ, మిస్సోరి, మేరీలాండు, డెలవేరులలో నూటికి 14 మంది. ఛాయ పలుచబడినకొలది వేర్పాటు కోరికయు పలుచబడినది.

ఈ న్యాయము రాష్ట్రముల లోపలను చెల్లినది. వర్జీనియా పడమటి కొండలలోని చిన్నరైతులకు బానిసలు బహుతక్కువ. వారు తమ రాష్ట్రముతో పోక, 1863లో పశ్చిమ వర్జీనియాగా వేరుపడి యూనియనులో చేరిరి. టెన్నెసీ తూర్పు కొండవాసులును యూనియను పక్షమే. విడిపోయిన రాష్ట్రములలో శ్వేతజాతి కుటుంబములను లెక్కించినను, మూడింట రెండువంతులకు బానిసలే లేరు. ఆ పేదలు ఏల పోరాడిరన్న ప్రశ్నకు ఊరిమమకారము, నిర్బంధ సైన్యచేరిక మొదలగు జవాబులున్నవి. తమకన్న క్రిందివాడొకడు ఎప్పటికిని ఉండుననెడి గర్వమును వాటితో చేర్చవలెను. ఇరువదిమంది బానిసలున్న తోటకొక తెల్లవానిని సైన్యమునుండి మినహాయించుచు 1862లో శాసనము వచ్చినప్పుడు, ఇది ధనికుల యుద్ధము, పేదల పోరాటమని వారిలోననే గొణుగుడు బయలుదేరెను.

ఉత్తరము నిర్దోషి యని చెప్పుట సత్యము కాదు. న్యూయార్కు వర్తకులు ప్రత్తిపై లాభపడిరి. మసాచుసెట్సు మిల్లులు ఆ దూదినే వడికినవి. 1863 జూలైలో న్యూయార్కు నగరమున సైన్యచేరికపై చెలరేగిన అల్లరిమూక నల్లవారిని వధించినది. యుద్ధము మొదలైనప్పుడు లింకను లక్ష్యము యూనియనును నిలుపుకొనుటయే.

ఆ లక్ష్యమును మార్చినవారిలో ప్రథములు బానిసలే. 1861 మే నెలలో ఫ్రాంక్ బేకరు, జేమ్స్ టౌన్సెండు, షెపర్డు మేలరీ యను మువ్వురు, దక్షిణసైన్యము తమచేత చేయించుచుండిన ఫిరంగిదిబ్బల పనిని విడిచి, రాత్రివేళ పడవలో నీటిని దాటి యూనియను చేతిలోనున్న మన్రో కోటను చేరుకొనిరి. వారిని అప్పగింపుమని యజమాని పక్షమున దూత వచ్చెను. వర్జీనియా తాను పరదేశమని చెప్పుకొనుచున్నది గనుక ఈ దేశపు శాసనము దానికి వర్తింపదనియు, శత్రువునకు యుద్ధమున తోడ్పడు సొత్తును పట్టి ఉంచుకొను హక్కు తనకున్నదనియు కోట అధిపతియగు జనరల్ బట్లరు వారిని నిలుపుకొనెను. ఆ వార్త సోకినచోటనెల్ల పొలములు విడిచి జనము తరలివచ్చిరి. కొలదికాలముననే వందలు, పిమ్మట వేలు. ఆ కోట కట్టియున్నది పాయింట్ కంఫర్ట్ పైననే. 242 ఏండ్ల క్రిందట ఏ గట్టున బానిసలను దింపిరో, ఆ గట్టునే బానిసత్వమునకు గండిపడినది.

1863 జనవరి 1న దాస్యవిమోచన ప్రకటన అమలులోనికి వచ్చెను. సరిహద్దు రాష్ట్రములు చేజారునను భయమున లింకను తిరుగుబాటు సీమలకే దానిని వర్తింపజేసెను. కాని నల్లవారిని సైన్యమున చేర్చుకొనుటకు అది ద్వారము తెరచినది. సుమారు 1,80,000 మంది చేరిరి. పటములో అంకెలై యుండినవారు తుపాకి పట్టి ఆ పటమునే మార్చిరి.

ఆ యుద్ధపు అల మన తీరమును తాకినది. లాంకషైరు మిల్లులకు అమెరికా ప్రత్తి ఆగిపోగా, ఇంగ్లండు కన్ను భారతదేశముపై పడెను. ధరలు ఆకాశము నంటినవి. గుంటూరు, కృష్ణా సీమల నల్లరేగడి ప్రత్తి కాకినాడ రేవునుండి ఓడలెక్కి, పరదేశపు సంతలలో కాకినాడ పేరుతోనే చెలామణి యైనది. 1865లో యుద్ధము ముగియగనే ధర కూలి, బొంబాయిలో ఎందరో వర్తకులు దివాలా తీసిరి. ప్రత్తి బేళ్లకన్న మిన్నయైన వస్తువు నొకదానిని మహారాష్ట్రదేశీయుడు జ్యోతిరావు ఫూలే ఆ యుద్ధమునుండి గ్రహించెను: 1873లో తన గులామ్‌గిరి గ్రంథమును, బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమొనర్చెను.

1865 ఏప్రిల్ 9న దక్షిణసైన్యాధిపతి జనరల్ లీ లొంగిపోయెను. ఆరు దినములకే లింకను హంతకుని గుండుకు బలియై కన్నుమూసెను. మృతులు 6,20,000 మందియని చిరకాలపు లెక్క. 7,50,000 వరకు ఉండునని నవీన పరిశోధకుల అంచనా. అదే సంవత్సరము డిసెంబరున రాజ్యాంగపు 13వ సవరణ బానిసత్వమును రూపుమాపెను. కాని విడుదలైనవారికి నేల ఇచ్చినవారు లేరు. పంటలో పాలిచ్చు సేద్యగాండ్రై, అప్పుల ఉచ్చులో చిక్కి, వారు పాత పొలములనే దున్నవలసి వచ్చెను. 1877లో కేంద్రసైన్యములు వెనుకకు మరలిన పిదప, లభించిన వోటును క్రమముగా కోలుపోయిరి. దానిని తిరిగి సాధించుకొనుటకు మరి తొంబది యేండ్లు పట్టినది.

కార్పెంటరు చిత్రమును మరల నొకసారి చూడుడు. లింకను, ఏడుగురు మంత్రులు; వెరసి ఎనమండుగురు తెల్లవారు. విడుదలయగుచున్న వారిలో ఒక్కరును ఆ గదిలో లేరు. ఆ నలువది లక్షలమంది యున్నది మూలనున్న పటములో, నల్లని ఛాయగా మాత్రమే. ఆ చిత్రము చూచువారు లింకను ముఖమును చూతురు, చూడవలసినదే. పిమ్మట చూపును దించి ఆ మూలకు తిప్పవలెను; ఆ రాత్రి పడవ నెక్కిన మువ్వురును బయలుదేరి వచ్చినది ఆ ఛాయలోనుండియే.