కంప్యూటరునకు కావలి యెందరు?

ఇంటికి తాళమొకటి వేసినవానికంటె రెండు వేసినవాడు నిశ్చింతగా నిద్రించును. ఈ అనుభవమునే కంప్యూటరునకు అన్వయించి, వైరస్‌ల బారినుండి కాపాడు ప్రోగ్రాములను రెండు మూడు చేర్చుకొనువారు పలువురు కలరు. యంత్రముతోబాటు వచ్చినది ఒకటి. దుకాణదారు చేర్చి యిచ్చినది రెండవది. ఉచితముగా లభించినదని కుమారుడు తెచ్చి పెట్టినది మూడవది. ఇన్ని యుండగా ఇక భయమేమి యని గృహస్థు తలపోయును. కాని కొలది దినములకే యంత్రము మందగించును. చిన్న ఫైలు తెరచుకొనుటకు నిముసము పట్టును. ఒక్కొక్కప్పుడు తెర స్తంభించిపోవును. అంతట ఆయన విసిగి రక్షక ప్రోగ్రాములనన్నిటిని ఆపివేయును. ఎక్కువ రక్షణ కోరినవాడు తుదకు రక్షణయే లేనివాడగును. పింఛను కాగితములు, బ్యాంకు లావాదేవీలు, పిల్లల ఛాయాచిత్రములు నేడు ఈ యంత్రములోనే దాచుకొనుచున్నాము గనుక ఈ విషయము ఉపేక్షింపదగినది కాదు.

తాళమునకును యాంటీవైరస్ ప్రోగ్రామునకును గల భేదమును ముందుగా గ్రహింపవలెను. తాళము తలుపున నిశ్చలముగా వ్రేలాడుచుండును. యాంటీవైరస్ మెలకువతో తిరుగు కావలివానివంటిది. మనమొక ఫైలును తెరువబూనినపుడు, ఈ కావలివాడు ఆ పనిని మధ్యలో ఆపి, ఫైలును చదివి, తానెరిగిన దుష్ట ప్రోగ్రాముల గుర్తులతో పోల్చి, అనుమానము లేనిచో పోనిచ్చును. యంత్రము నడచుచున్నంతసేపు ఈ పని ఎడతెగక జరుగుచునే యుండును. ఇందులకై దానికి కెర్నెల్ అను అంతర్భాగమునందు తావీయబడును. అది యంత్రమునకు గర్భగృహమువంటిది. సామాన్య ప్రోగ్రాములకు అచ్చట ప్రవేశము లేదు.

ఇట్టి కావలివారిద్దరు ఒకే ద్వారమున నిలిచినచో నేమగును? మొదటివాడు పరీక్షకై ఫైలును తెరచును. ఆ తెరచుటను చూచి రెండవవాడు తానును పరీక్షకు దిగును. పని రెట్టింపగును. ఒక్కొక్కప్పుడు ఒకరికొరకు ఒకరు వేచియుండి, గుమ్మమువద్ద “తమరు ముందు”, “కాదు, తమరే ముందు” అని నిలిచిపోయిన అతిథులవలె ఇరువురును కదలరు. యంత్రము స్తంభించుటకు ఇదియొక కారణము.

మరియొక చిక్కు కలదు. ప్రతి యాంటీవైరస్ తనవద్ద దుష్ట ప్రోగ్రాముల గుర్తుల పట్టికను ఉంచుకొనును. పట్టుబడిన ఫైళ్లను ఒకచోట బంధించి యుంచును. రెండవ ప్రోగ్రాము ఆ పట్టికను, ఆ బంధితులను చూచి, మొదటి కావలివానినే దొంగగా భ్రమపడవచ్చును. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఇచ్చట అక్షరాల సత్యము. విండోస్ 10, 11లలో సహజముగానే యుండు మైక్రోసాఫ్ట్ డిఫెండర్, గృహ కంప్యూటరులో వేరొక యాంటీవైరస్ నమోదైనంతనే తానై ప్రక్కకు తొలగును; అది పోయినపిదప మరల విధిలో చేరును. చిక్కెల్ల, బయటినుండి తెచ్చిన రెండింటిని ఒకేమారు నడుపుటలో కలుగును.

“ఒకటి ఎరుగని వైరస్‌ను మరియొకటి ఎరుగవచ్చును గదా” అని కొందరందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. వైరస్‌లనన్నిటిని పొరబాటు లేకుండ గుర్తింపగల ప్రోగ్రామును నిర్మించుట అసాధ్యమని అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ కోహెన్ 1980ల దశకములోనే నిరూపించెను. కాని జబ్బు తెలియనపుడు మరియొక వైద్యుని అభిప్రాయము అడుగుట వివేకము; ఇద్దరిచ్చిన మందులను ఒకే పూట మ్రింగుట వివేకము కాదు. పిలిచినపుడు మాత్రమే వచ్చి, పరీక్షించి, వెడలిపోవు ప్రోగ్రాములు కలవు. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఇట్టిది. తెచ్చుకొన్న 10 దినములకు దాని గడువు తీరును. కావలసినపుడు క్రొత్త ప్రతిని తెచ్చుకొనవలెను. భారత ప్రభుత్వము 2017లో స్థాపించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము కూడ ఇట్టి సాధనములను ఉచితముగా నందించుచున్నది.

గర్భగృహమున ప్రవేశమున్నవాడు పొరబడినచో నష్టము కూడ పెద్దదే. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీకి ప్రాణప్రాయమైన ఫైలునే వైరస్‌గా ఎంచగా, అనేక యంత్రములు పనిచేయక ఆగిపోయినవి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు కూలినవని మైక్రోసాఫ్ట్ అంచనా వేసినది. కావలివారి సంఖ్య పెరిగినకొలది ఇట్టి పొరబాట్లకు అవకాశమును పెరుగును. ఈ కారణమున కావలి యుండరాదని కాదు. ఒకనిని చక్కగా ఎంచుకొనవలెనని భావము.

అయినను రక్షణ ఒక్క యాంటీవైరస్‌తో ముగియదు. వేరువేరు పనులు చేయునవి కలసి పనిచేయుటలో విరోధము లేదు. ఫైర్‌వాల్ బయటనుండి వచ్చు రాకపోకలను చూచుకొనును. అదియు ఒకటే చాలును. విండోస్‌లో నున్నదానిని ఆపకుండుట ముఖ్యము. అప్‌డేట్లు గోడలోని కన్నములను పూడ్చును. 2017 మే నెలలో వానాక్రై అను వైరస్ లోకమునెల్ల కలచివేసినపుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతబడినవి. ఆ కన్నమును పూడ్చు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చి నెలలోనే విడుదల చేసియుండెను. అప్పటికే దానిని చేర్చుకొన్న యంత్రములకు ఆ కన్నముగుండ వైరస్ చొరరాలేదు. ఇక ముఖ్యమైన ఫైళ్ల ప్రతులను వేరొక డిస్కులో దాచి, ఆ డిస్కును యంత్రమునుండి విడదీసి యుంచినచో, ఏ కావలి తప్పినను సొత్తు దక్కును.

ఇప్పటికే రెండు మూడు చేర్చుకొన్నవారు ఒకదానిని నిలుపుకొని, తక్కినవానిని సెట్టింగులలోనికి వెళ్లి ఒక్కొక్కటిగా తొలగింపవలెను. శేషములు మిగిలినచో, ఆ తయారీదారులే ఇచ్చు తొలగింపు సాధనమును వాడవచ్చును. యంత్రమును ఆపి మరల నడిపి, విండోస్ సెక్యూరిటీ అను చోట ఏది కావలిలో నున్నదో చూడవలెను. ఒక్కటియు లేకుండుట అన్నిటికంటె ప్రమాదము. “మీ కంప్యూటరులో వైరస్ కలదు, ఈ సంఖ్యకు ఫోను చేయుడు” అని ఇంటర్నెట్ పుటలో హఠాత్తుగా కనబడు హెచ్చరికను నమ్మరాదు. అది కావలివాని వేషమున వచ్చిన దొంగ. దాని మాట విని ధనము పోగొట్టుకొన్నచో జాగుసేయక 1930కు ఫోను చేయవలెను.

మంది యెక్కువైన మజ్జిగ పలుచన యగునని పెద్దలందురు. నమ్మకమైన కావలి ఒకటి, ఎప్పటికప్పుడు అప్‌డేట్లు, విడిగా దాచిన ప్రతులు, అపరిచితుల యెడ మెలకువ — గృహ కంప్యూటరునకు ఇవి చాలును.