ప్రాణములు గాచు ఫిరంగులు

ఫిరంగి యనగానే మనకు యుద్ధము స్ఫురించును. అట్టి ఫిరంగియే బాటసారుల ప్రాణములను కాపాడుననిన వింతగా తోచును. కాని కెనడా దేశపు పర్వతములలో శీతకాలమున జరుగుచున్నది ఇదియే.

మంచు పేరుకొనని భైంసా ప్రాంతపు బాలబాలికలు మొదట మంచుచరియ యన నేమో తెలిసికొనవలెను. ఎత్తైన కొండవాలులపై మంచు పొరలుపొరలుగా పేరుకొనును. ఒక్కొక్కప్పుడు అడుగుపొర పంచదార పలుకులవలె పట్టులేక యుండును. దానిపై క్రొత్త మంచు పలకవలె గట్టిపడును. బరువు మితిమీరినప్పుడు అడుగుపొర విరిగి, పైపలక యంతయు ఒక్కుమ్మడిగా జారిపడును. 30 మొదలు 45 డిగ్రీల వాలుగల చోట్ల ఈ ప్రమాద మెక్కువ. 2016 ఫిబ్రవరిలో సియాచెన్‌లో ఇట్లు మంచు కూలి పదిమంది భారత సైనికులు అసువులు బాసిరి. వారిలో ఒకరు కర్నూలు జిల్లాకు చెందిన తెలుగువారు.

కెనడాలో రోజర్స్ కనుమ యను చోటు కలదు. 1885లో ఆ కనుమగుండ రైలుమార్గము వేసిరి. 1910 మార్చి 4వ తేది రాత్రి, పట్టాలపై పడిన మంచును కూలీలు తొలగించుచుండగా, ఎదుటి కొండనుండి మరియొక చరియ విరిగిపడెను. 58 మంది మరణించిరి. వారిలో పలువురు జపాను దేశమునుండి వచ్చిన కూలీలు. తుదకు 1916లో సొరంగము త్రవ్వి, రైళ్లను దానిగుండ నడపసాగిరి. అయినను 1962లో అదే కనుమగుండ జాతీయ రహదారి తెరువబడెను. దానిని కాపాడు భారము సైన్యముపై పడెను.

ఆ పని యెట్లు జరుగును? నిపుణులు మంచు లోతును, గాలివేగమును, పొరల పట్టును ప్రతిదినము పరీక్షింతురు. ప్రమాదము పొంచియున్నదని తోచిన వెంటనే రహదారిని మూసి, వాహనములను దూరముగా నిలుపుదురు. సైనికులు 105 మిల్లీమీటర్ల ఫిరంగిని రోడ్డుప్రక్క నియమిత స్థానమునకు తెచ్చి, కొండపై మంచు జారుటకు మొదలగు చోటునకు గురిపెట్టి కాల్తురు. ప్రేలుడు అదురునకు అడుగుపొర విరిగి, మంచు అప్పుడే దిగిపోవును. పిదప యంత్రములతో రోడ్డును శుభ్రపరచి, దారి విడుతురు.

చేతితో మందుగుండు విసరరాదా యని మీరడుగవచ్చును. తుపానులో అంత యెత్తునకు మనుష్యుడు పోజాలడు. ఫిరంగి గుండు కొన్ని కిలోమీటర్ల దూరము పోగలదు. వాతావరణము నిర్మలముగ నున్ననాడే గురి కొలతలు వ్రాసి యుంచుకొందురు గనుక, కొండ కనబడని చీకటిలోను కాల్పవచ్చును.

మన గడ్డెన్నవాగు జలాశయము నిండునపుడు గేట్లెత్తి నీటిని కొంత కొంత విడుతురు గదా! ఇదియు నట్టిదే. పెద్ద ముప్పు రాకముందే దానిని చిన్న చిన్న పాళ్లుగా దింపివేయుట ఇందలి సూత్రము.

ఈ పద్ధతియందు దోషము లేకపోలేదు. ప్రేలని గుండు మంచులో దాగి, వేసవిలో బయటపడవచ్చును. అందుచే కొన్ని దేశములలో కొండలపైనే గొట్టములు నిలిపి, దూరమునుండి వాయువును ప్రేల్చి మంచును దింపుచున్నారు. మన దేశమున 2020లో తెరువబడిన అటల్ సొరంగము వాహనములను రోహ్తాంగ్ కనుమ మంచునకు క్రిందుగా సాగనిచ్చుచున్నది.

మూసిన రోడ్డుకడ నిలిచిన బాటసారికి ఆ నిరీక్షణము విసుగు పుట్టింపవచ్చును. కాని 1910 నాటి ఆ రాత్రి, ఎదుటి కొండపైని మంచును ముందుగా దింపు సాధనము కూలీలకు లేకపోయెను. ఆ సంగతి తలచినచో, కొంతసేపు ఆగుట యెంతటి భాగ్యమో తెలియును.